రేడియేషన్ తరువాత ఎక్స్‌రేలో కనిపించే తెల్లని నీడ



ఈసారి ఆరోగ్య పాఠము కొంచెం కష్టమైనది. ఊపిరితిత్తి క్యాన్సర్ తొలిదశలో ఉండగా రేడియేషన్ తీసుకున్నవారికి, ఆ తరువాత ఎక్స్‌రేలోను, స్కానులోను కనిపించే మార్పుల గురించి రాస్తున్నాము. ఈ జబ్బు మా ఇంట్లో లేదు కదా అని పేజీ తిప్పేయకండి. మీ పక్కింటివారో, ప్రార్థన కూడికకు వచ్చే పెద్దాయనో ఈ చికిత్స పొంది ఉండవచ్చు. వారి ఫిల్ము చూసి నలుగురూ నాలుగు మాటలు అనడం వల్ల జరిగే నష్టాన్ని మేము కళ్లారా చూశాము. ఆ నష్టంలో మా వంతు కూడా ఉంది. ముందు ఆ సంగతే చెప్పుకుంటాము.

ఒక రిటైర్డ్ మాస్టారు. డెబ్బై దాటిన వయసు. చాలా ఏళ్లు సిగరెట్లు కాల్చి మానేసిన మనిషి. ఆయాసం జబ్బు ఉంది, గుండెకు స్టెంటు కూడా వేశారు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో చిన్న గడ్డ కనబడితే నగరంలోని పెద్దాసుపత్రిలో ముక్క పరీక్ష చేసి, తొలిదశ క్యాన్సర్ అని చెప్పారు. ఆపరేషన్‌ను ఆయన శరీరం తట్టుకోలేదని అయిదుసార్లు రేడియేషన్ ఇచ్చి పంపించారు. మన ఊళ్లలో దీన్ని 'కరెంటు పెట్టడం' అంటారు. మూడు నెలలు గడిచాక పొడిదగ్గు, ఒళ్లు వెచ్చబడడం మొదలై మా ఓ.పి.కి వచ్చారు. ఎక్స్‌రే తీశాము. మునుపు గోళీకాయంత గడ్డ ఉన్నచోట అరచేయంత తెల్లని మబ్బు కనిపించింది. డాక్టరుగారు అప్పుడు థియేటర్‌లో ఉన్నారు. మా సిస్టర్ ఒకరు ఫిల్మును వెలుతురుకు పట్టుకుని చూసి, పక్కనున్న కొడుకుతో "మునుపటికంటే పెద్దదయిందండీ" అన్నారు.

ఆ ఒక్క మాట చాలింది. డాక్టరుగారు బయటికి వచ్చేసరికి వాళ్లు లేరు. ఆ రాత్రి నుంచి మాస్టారు అన్నం సరిగా తినలేదు. "ఒరే అబ్బాయ్, ఇంక నన్ను ఆసుపత్రుల చుట్టూ తిప్పకండి, ఆ డబ్బు మనవరాలి పెళ్లికి ఉంచండి" అన్నారట. తెలిసినవాళ్లు ఎవరో ఇంకోచోటికి తీసుకువెళితే, ఆ ఫిల్ము ఒక్కటే చూసి టి.బి. మాత్రలు మొదలుపెట్టారు. కళ్లె పరీక్ష చేయలేదు. పదకొండు రోజుల తరువాత పాస్టరుగారు ప్రార్థనకని వారి ఇంటికి వెళ్లి, సంగతంతా విని, అక్కడి నుంచే మాకు ఫోన్ చేశారు.

ఆ నీడ క్యాన్సర్ పెరగడం వల్ల వచ్చింది కాదు. టి.బి. కూడా కాదు. రేడియేషన్ వల్ల ఊపిరితిత్తిలో వచ్చిన వాపు. ఈ మూడింటికీ తేడా ఏమిటో, డాక్టర్లు దాన్ని ఎలా కనిపెడతారో తెలిస్తే ఇలాంటి పదకొండు రోజులు ఇంకో ఇంటికి రాకుండా ఉంటాయి.

ఊపిరితిత్తి ఎందుకు తెల్లబడుతుంది?

ఎక్స్‌రే అంటే నీడల బొమ్మ. ఎముక కిరణాన్ని అడ్డుకుంటుంది, అందుకని ఫిల్ములో తెల్లగా పడుతుంది. గాలి అడ్డుకోదు, అందుకని నల్లగా పడుతుంది. ఊపిరితిత్తి స్పాంజి వంటిది, నిండా గాలి. ఆరోగ్యంగా ఉంటే నల్లగానే కనిపిస్తుంది. ఆ స్పాంజి గదుల్లోకి గాలికి బదులు ఇంకేది చేరినా ఆ చోటు తెల్లబడుతుంది. నెమ్ము చేసి చీము చేరినా తెలుపే, నీరు చేరినా తెలుపే, వాపు వచ్చినా తెలుపే, గడ్డ అయినా తెలుపే. ఒక్క ఫిల్ములో తెలుపు చూసి అది ఏమిటో చెప్పడం ఎంత అనుభవమున్న డాక్టరుకైనా కష్టం. అలాంటిది నర్సులమైన మేము చెప్పబోవడం తప్పు. ఆ తప్పే ఆ రోజు జరిగింది.

ఇక రేడియేషన్ సంగతి. పాత పద్ధతిలో రోజుకు కొంచెం చొప్పున ఆరు వారాలపాటు సుమారు ముప్పైసార్లు ఇస్తారు. తొలిదశలో ఉన్న చిన్న గడ్డలకు ఇప్పుడు ఎస్.బి.ఆర్.టి. అనే పద్ధతి ఉంది. మూడు నుంచి అయిదుసార్లు, కొందరికి ఎనిమిదిసార్లు మాత్రమే ఇస్తారు. ఒక్కోసారి ఇచ్చే మోతాదు మాత్రం చాలా ఎక్కువ. మన క్రిస్మస్ నాటికలో పశువుల తొట్టి మీద నాలుగు వైపుల నుంచి టార్చిలైట్లు వేస్తారు కదా. ఒక్కో వెలుగు పలచనే, అవన్నీ కలిసేచోట మాత్రం కళ్లు జిగేలుమంటాయి. ఇదీ అంతే. అనేక వైపుల నుంచి వచ్చే కిరణాలు గడ్డ మీద కలుసుకుంటాయి. గడ్డ చచ్చిపోతుంది. గడ్డ చుట్టూ ఒక అంచులో ఉన్న మంచి ఊపిరితిత్తికి కూడా కొంత కాక తగలక తప్పదు.

ఈ చికిత్స గట్టిదేనా అని చాలామంది అడుగుతారు. ఆపరేషన్‌కు పనికిరాని తొలిదశ రోగులకు మూడుసార్లలో 54 గ్రే మోతాదు ఇచ్చి చూసిన ఒక అమెరికా అధ్యయనం 2010లో వెలువడింది. గ్రే అనేది రేడియేషన్ కొలత. అందులో 55 మంది ఫలితాలు లెక్కించారు. మూడేళ్ల వరకు, రేడియేషన్ పెట్టిన గడ్డ తిరిగి పెరగకుండా నిలిచినది నూటికి సుమారు 98 మందిలో. అదే అధ్యయనంలో మూడేళ్లకు బ్రతికి ఉన్నవారు మాత్రం నూటికి 56 మంది. వారంతా గుండెజబ్బు, ఆయాసం వంటివి ముందే ఉన్న మనుషులని గుర్తుంచుకోవాలి. చికిత్స చేసిన చోట క్యాన్సర్ చాలావరకు అదుపులోనే ఉంటుందన్నది మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు.

మధ్యలో ఇంకో మాట. బయటి నుంచి యంత్రంతో రేడియేషన్ పెట్టించుకున్న మనిషి ఒంట్లో ఏ కిరణమూ మిగిలి ఉండదు. మనవళ్లను దగ్గరకు రానివ్వకపోవడం, కంచం, గ్లాసు వేరుగా పెట్టడం వంటివి ఇప్పటికీ కొన్ని ఇళ్లలో చూస్తున్నాము. ఆ అవసరం ఎంతమాత్రమూ లేదు. జబ్బుకంటే ఆ వేరు కంచమే వాళ్లను ఎక్కువ కుంగదీస్తుంది.

నెలలు గడిచేకొద్దీ

వేడి నెయ్యి చేతి మీద పడితే ముందు ఎర్రబడి వాస్తుంది, తరువాత మానుతుంది, చివరికి చర్మం ముడుచుకుని మచ్చ మిగులుతుంది. ఊపిరితిత్తిలో కూడా వరస ఇదే, కాకపోతే చాలా నిదానంగా జరుగుతుంది. మొదటి నెలలో సాధారణంగా ఏమీ కనబడదు. "కరెంటు అయిపోయి నెల రోజులైంది, అంతా బాగుంది, ఇప్పుడేమిటి కొత్తగా?" అని ఇంటివాళ్లు అనుకోవడానికి కారణం ఇదే. నెల దాటిన తరువాత ఆరు నెలల లోపు, ఎక్కువమందికి రెండు మూడు నెలల దగ్గర, వాపు బయటపడుతుంది. స్కానులో మంచు పట్టిన అద్దంలాగా మసకగా కనిపించవచ్చు, లేదా దట్టమైన తెల్లని ముద్దలా కనిపించవచ్చు. అసలు గడ్డకంటే ఈ వాపు వెడల్పుగా ఉంటుంది గనుక చూసేవారికి గడ్డే పెరిగినట్టు ఉంటుంది. ఇది ఎక్కువమందికి ఏ బాధా పెట్టదు, స్కానులో మాత్రమే తెలుస్తుంది. కొందరికి పొడిదగ్గు, నడిస్తే ఆయాసం, కొద్దిపాటి జ్వరం వస్తాయి. దీన్నే డాక్టర్లు రేడియేషన్ న్యుమోనైటిస్ అంటారు.

ఆరు నెలల నుంచి ఏడాదిలోగా వాపు తగ్గి మచ్చకట్టడం మొదలవుతుంది. ఆ మచ్చ కొందరిలో సన్నని గీతలాగా మిగులుతుంది. కొందరిలో అసలు గడ్డలాగే గుండ్రటి ముద్దగా మిగులుతుంది. ఎక్కువ తికమక పెట్టేది ఈ ముద్దే. మచ్చ ముడుచుకునేటప్పుడు చుట్టుపక్కలవాటిని లాగుతుంది. అందుకే కొందరి ఎక్స్‌రేలో శ్వాసనాళం ఒక పక్కకు జరిగినట్టు, పొట్టకు, ఛాతీకి మధ్యనున్న పొర పైకి లేచినట్టు కనిపిస్తుంది. సాధారణంగా ఏడాది రెండేళ్లలో ఇది ఒక రూపానికి వచ్చి ఆగుతుంది. ఎస్.బి.ఆర్.టి. తీసుకున్నవారిలో రెండేళ్లు దాటాక కూడా ఆకారం కొద్దికొద్దిగా మారడం ఉంది.

మచ్చా? మళ్లీ వచ్చిందా?

పాఠమంతటికీ ముఖ్యమైన ప్రశ్న ఇదే. డాక్టరు ముందుగా చూసేది రేడియేషన్ ఎక్కడ పెట్టారో చూపే పటం. పెద్దాసుపత్రిలో చికిత్సకు ముందు ఆ పటం తయారుచేస్తారు. మామూలు నెమ్ము ఊపిరితిత్తి భాగాల హద్దులను అనుసరించి ఉంటుంది. రేడియేషన్ నీడ ఆ హద్దులను లెక్కచేయదు, కిరణాలు పడిన మేరకే ఉంటుంది. పాత పద్ధతిలో చికిత్స తీసుకున్నవారి ఫిల్ములో నీడ అంచు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉండడం చూస్తుంటాము. పటం మీద నీడ సరిగ్గా కూర్చుంటే చాలావరకు గుండె దిటవు చేసుకోవచ్చు.

రెండవది, తెల్లని నీడ మధ్యలో ఎండుకొమ్మల్లా నల్లని గీతలు. అవి గాలి ఆడుతున్న గొట్టాలు. వాపులోను, మచ్చలోను అవి తెరిచి ఉంటాయి. మునుపటి స్కానులో ఉన్న ఆ గీతలు తరువాతి స్కానులో పూడిపోయి ఉంటే అనుమానించాలి. మూడవది అంచు. తిన్నగా ఉన్న అంచు బయటికి ఉబ్బితే మంచిది కాదు. మచ్చ లోపలికి లాగుతుంది, క్యాన్సర్ బయటికి తోస్తుంది. నాలుగవది కాలం. ఏడాది లోపు నీడ పెరిగినట్టు ఉన్నా అది వాపే కావచ్చు. ఏడాది దాటాక, ఒక స్కాను తరువాత ఇంకో స్కానులో కూడా పెరుగుతూ ఉంటే దాన్ని వదిలిపెట్టరు.

పైవన్నీ ఒక ఫిల్మును ఇంకో ఫిల్ముతో పోల్చితేనే తెలిసేవి. పాత ఫిల్ము ఇంట్లో పెట్టి కొత్తది ఒక్కటే తెస్తే డాక్టరు చేతులు కట్టేసినట్టే.

పెట్ స్కాన్ తీస్తే తేలిపోతుంది కదా అని కొడుకులు అడుగుతారు, ముఖ్యంగా హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్నవాళ్లు ఫోన్లో అడుగుతారు. పెట్ స్కానులో చక్కెర వంటి మందు ఎక్కించి, దాన్ని ఎక్కువగా పీల్చుకునే చోట్లు వెలిగేలా చూస్తారు. క్యాన్సర్ పీల్చుకుంటుంది. వాచిన చోటు కూడా పీల్చుకుంటుంది! అందుకే చికిత్స అయిన మొదటి నెలల్లో అది వెలిగినంత మాత్రాన ఏమీ తేలదు. కొందరిలో ఏడాది దాటినా కొంచెం వెలుగుతూనే ఉంటుంది. వెలుగు మునుపటికంటే బాగా పెరిగితే అప్పుడు ముక్క పరీక్ష గురించి ఆలోచిస్తారు. ఆయాసం జబ్బు ఉన్న ఊపిరితిత్తిలో సూది గుచ్చితే చుట్టూ గాలి చేరే ప్రమాదం ఉంది గనుక దాన్ని ఊరికే చేయరు. "ఎందుకండీ ఇంకా చూద్దాం చూద్దాం అంటారు?" అని డాక్టరు మీద విసుగుపడేవారికి ఇదీ జవాబు. మూడు నెలలు ఆగి మళ్లీ స్కాను చేయడం చాలాసార్లు సరైన వైద్యమే.

అయితే అన్నీ మచ్చలే అనుకుని ఊరుకోవడం కూడా ప్రమాదమే. కట్టెల పొయ్యి మీద చాలాకాలం టిఫిన్ కొట్టు నడిపిన ఒక అమ్మగారు ఉన్నారు. జన్మలో చుట్ట గానీ బీడీ గానీ ముట్టలేదు. ఆమెకూ ఇదే చికిత్స జరిగింది. ఆరు నెలల స్కానులో మచ్చేనని చెప్పారు. ఆ మాట పట్టుకుని, ఇంక భయం లేదని, తరువాతి స్కానులకు వెళ్లలేదు. కూతురి కాన్పు, పొలం పనులు, ఏవో కారణాలు. ఏడాది తరువాత వచ్చేసరికి నీడ అంచు ఉబ్బి ఉంది, నల్లని గీతలు పూడిపోయాయి. ముక్క పరీక్షలో క్యాన్సర్ తిరిగి వచ్చినట్టు తేలింది. ఆమెకు మళ్లీ వైద్యం చేయించారు. కానీ మధ్యలో రావలసిన స్కానులకు వచ్చి ఉంటే ఇంకా చిన్నగా ఉండగానే పట్టుబడేది, చేయడానికి దారులు ఎక్కువ ఉండేవి. ఆ మచ్చ అన్న మాట ఆ రోజుకే నిజం, వచ్చే ఏడాదికి కాదు.

అందుచేత వరస తప్పకూడదు. మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి సి.టి. స్కాను, తరువాత రెండేళ్లు ఆరు నెలలకు ఒకసారి, ఆపైన ఏడాదికి ఒకసారి అన్నది సాధారణంగా పాటించే పద్ధతి. మీ డాక్టరు దీన్ని కొంచెం మార్చవచ్చు, మీరు మార్చకూడదు.

టి.బి. అనుకోవడం గురించి

మన దేశంలో ఊపిరితిత్తి పైభాగంలో నీడ కనబడితే ఎవరికైనా ముందు గుర్తుకు వచ్చేది టి.బి.యే. అలా అనుకోవడం తప్పు కాదు, మన చుట్టూ నిజంగానే టి.బి. ఉంది, రేడియేషన్ తీసుకున్నవారికీ రావచ్చు. పరీక్ష చేయకుండా మందు మొదలుపెట్టడమే తప్పు. కళ్లె తీసి సూక్ష్మదర్శినిలోను, సి.బి.నాట్ యంత్రంలోను పరీక్షించాలి. ప్రభుత్వ టి.బి. కేంద్రాలలో ఇది ఉచితం. పొడిదగ్గు వల్ల కళ్లె రాకపోతే రప్పించే ఉపాయాలు ఉన్నాయి, మా సిస్టర్లు నేర్పుతారు. టి.బి. లేని మనిషి ఆరు నెలలు ఆ మాత్రలు మింగితే కాలేయానికి చేటు, ఆకలి పోతుంది, అసలు జబ్బుకు చేయవలసిన వైద్యం ఆలస్యమవుతుంది.

మాస్టారు తిరిగి వచ్చాక చేసిన మొదటి పని ఈ పరీక్షే. కళ్లెలో టి.బి. లేదు. పెద్దాసుపత్రి నుంచి రేడియేషన్ పటం తెప్పించి చూస్తే నీడ సరిగ్గా దాని మీదే ఉంది. అక్కడి డాక్టరు సలహాతో టి.బి. మాత్రలు ఆపి, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. మూడు వారాలకు దగ్గు తగ్గి, మెట్లెక్కి రక్తపరీక్ష గదికి వచ్చారు.

ఈ స్టెరాయిడ్ మాత్రల గురించి గట్టిగా చెప్పవలసి ఉంది. నీడ ఉన్న ప్రతివారికీ ఇవి అవసరం లేదు. దగ్గు, ఆయాసం బాగా ఉన్నవారికే ఇస్తారు. ఇచ్చాక మోతాదును వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వస్తారు, మొత్తం రెండు మూడు నెలలు పట్టవచ్చు. ముఖం ఉబ్బిందనో, దగ్గు పోయిందనో ఒక్కసారిగా ఆపేస్తే వాపు తిరగబెడుతుంది, నీరసించి పడిపోవచ్చు కూడా. పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోవాలి. షుగరు ఉన్నవారు తరచుగా రక్తపరీక్ష చేయించుకోవాలి, లేనివారికి కూడా ఈ మాత్రలతో షుగరు పెరగవచ్చు. ఎవరికో బాగా పనిచేసిందని మందుల షాపులో చీటీ లేకుండా కొని వేసుకోవద్దు. లోపల టి.బి. గానీ చీము గానీ ఉంటే ఈ మందు దాన్ని రెచ్చగొడుతుంది.

పక్కటెముకల సంగతి క్లుప్తంగా. గడ్డ ఛాతీ గోడకు దగ్గరగా ఉన్నవారికి చికిత్స అయిన ఏడాదికో, ఆపైనో ఆ చోట నొప్పి రావచ్చు, పక్కటెముక సన్నగా చిట్లవచ్చు. దెబ్బ తగలకుండానే చిట్లుతుంది. అది కూడా క్యాన్సర్ ఎముకకు పాకిందనే భయం పుట్టిస్తుంది. గట్టిగా నూనె మర్దన చేయించకండి, డాక్టరుకు చూపించండి.

త్వరగా రావలసినప్పుడు

కూర్చున్నా ఆయాసం వస్తుంటే, కళ్లెలో రక్తం పడితే, పచ్చని కళ్లెతో జ్వరం హెచ్చుగా ఉంటే, పెదవులు నీలిబారితే స్కాను తేదీ వచ్చేదాకా ఆగకండి, రాత్రయినా తీసుకురండి. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు ఇంట్లో ఉంటే మామూలు రోజుల్లో ఎంత చూపిస్తుందో ముందే రాసి ఉంచండి. ఆయాసం జబ్బు పాతది ఉన్నవారికి మామూలు అంకే కొంచెం తక్కువగా ఉంటుంది. ఆ మామూలుకంటే మూడు నాలుగు తగ్గితే మాకు కబురు చేయండి, 90 కిందికి దిగితే బయలుదేరండి. గొంతు బొంగురుపోయి తగ్గకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, కొత్తగా ఎముకల నొప్పి లేదా తలనొప్పి ఉండిపోవడం అంత తొందరవి కాకపోయినా ఆ వారంలో చూపించవలసినవే. పొగ తాగేవారు ఇప్పటికైనా మానాలి. ఇంట్లో తాగే కొడుకులు, అల్లుళ్లు కూడా వారి దగ్గర తాగకూడదు. కట్టెల పొయ్యి పొగకు కూడా దూరంగా కూర్చోబెట్టండి.

ఫిల్ములు మడవకండి, ఎండ తగిలే చోట పెట్టకండి, ఒకదానికొకటి అంటుకుంటే పాడవుతాయి. సి.డి. ఇస్తే దాని మీద తేదీ రాయండి. డిశ్చార్జి కాగితంలో రేడియేషన్ ఏ పక్క ఊపిరితిత్తికి, ఎన్నిసార్లు, ఎంత మోతాదు, ఏ తేదీల్లో ఇచ్చారో ఉందో లేదో చూసుకుని, లేకపోతే అడిగి రాయించుకోండి. మాస్టారు దీనికొక నోటుబుక్కు పెట్టారు. బడిలో హాజరు పట్టీ గీసినట్టు గళ్లు గీసి, తేదీ, స్కాను, బరువు, ఆక్సిజన్, డాక్టరు అన్నమాట వరసగా రాస్తారు. మూడేళ్లయింది. మొన్నటి స్కానులో ఆ అరచేయంత మబ్బు చోట పైకి లాగిన సన్నని గీత మాత్రమే ఉంది.

మా వైపు నుంచి రెండు మార్పులు చేసుకున్నాము. డాక్టరు చూడకముందు ఫిల్ము గురించి ఏ సిస్టరూ మాట్లాడకూడదని నియమం పెట్టుకున్నాము. మీరు అడిగినప్పుడు మేము చెప్పకపోతే నొచ్చుకోకండి. రెండవది, ఓ.పి. చీటీ రాయించుకునేటప్పుడే "రేడియేషన్ తీసుకున్నాము" అని కౌంటరులో చెప్పండి. ఎక్స్‌రే గదికి వెళ్లే కాగితం మీద ఆ మాట, ఆ నెల, ఆ పక్క ఎర్ర సిరాతో రాసి పంపుతాము.